తిరిగి తిరిగి మోగే డోలు

హేమశ్రీ పూతలపట్టు పిల్ల. వాళ్ళది మేళగాళ్ళ ఇల్లు. పెద్దనాయన గంగులప్పది నాదస్వరం, నాయన మునిరామయ్యది డోలు. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, శుభలేఖలు అచ్చుకు ఇవ్వకముందే ఈ ఇంటికి కబురు వచ్చేది. ఆ ముహూర్తానికి అన్నదమ్ములిద్దరూ ఖాళీగా ఉన్నారో లేదో ముందు తెలుసుకుని, తర్వాతే మండపం సంగతి చూసుకునేవాళ్ళు.

ఆ ఇంట్లో మగపిల్లలు లేరు కాబట్టి హేమశ్రీకి నాదస్వరం నేర్పారని ఊళ్ళో అనుకునేవాళ్ళు. నిజానికి ఎవరూ నేర్పుదామని కూర్చోలేదు. చిన్నప్పుడు ఒకరోజు పెద్దనాయన గోడకు ఆనించి పెట్టిన నాదస్వరాన్ని అందుకుని బుగ్గలు పగిలేటట్టు ఊదింది. శబ్దం రాలేదు. కోపంతో ఏడ్చింది. మరునాడు మళ్ళీ ఊదింది. కొన్నాళ్ళకు దూడ అరిచినట్టు ఏదో పలికింది. గంగులప్ప నవ్వాడు. "బుగ్గల్తో కాదు మే, పొట్టలోంచి ఊదల్ల" అని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. అంతే, మళ్ళీ లేవలేదు.

ఇంటర్ అయ్యాక తిరుపతిలో సంగీత కళాశాలలో చేరింది. హాస్టల్లో ఉండేది. నాదస్వరం తరగతిలో ఆడపిల్ల ఆమె ఒక్కతే. దానికి ఆమె బాధపడలేదు గానీ, సాధకానికి డోలు తోడు దొరక్కపోవడం మాత్రం పెద్ద కష్టంగా ఉండేది. డోలు నేర్చుకునే పిల్లలు కొద్దిమందే. ముహూర్తాల రోజులు వచ్చాయంటే వాళ్ళు కూడా ఏదో ఒక మేళంతో పెళ్ళిళ్ళకు వెళ్ళిపోయేవాళ్ళు. ఒంటరిగా గదిలో కూర్చుని ఊదుతుంటే హేమశ్రీకి తన పాట సగంలో తెగిపోయినట్టు ఉండేది. ఇంట్లో అయితే తను గుక్క తిప్పుకునే చోట నాయన డోలు అందుకునేది. ఇక్కడ ఆ చోట వట్టి ఖాళీ.

కళాశాల వార్షికోత్సవానికి మైకులు పెట్టడానికి జోయల్ వచ్చాడు. వడమాలపేట అతనిది. ఆదివారాలు చర్చిలో కీబోర్డు వాయిస్తాడు, మిగతా రోజుల్లో సౌండ్ పనులు చేసుకుంటాడు. మెడలో ఎప్పుడూ ఏదో ఒక వైరు చుట్టుకుని తిరుగుతాడు. వేదిక మీద మైకు సరిచూస్తూ, ఒక పక్క నాదస్వరం తుడుచుకుంటున్న హేమశ్రీని పిలిచాడు.

"సెల్లీ, రోంత ఊదు. దీనికి ఎంత వాల్యూమ్ పెట్టల్లో నాకు తెలీడంల్యా."

ఆమె మోహన రాగంలో ఒక చిన్న సంగతి ఊదింది. జోయల్ కాలి దగ్గర చెప్పుల డబ్బాలో సగం ఉండే ఇనుప పెట్టె ఒకటుంది. దాని మీద కాలితో ఒకసారి నొక్కాడు, కాసేపాగి మళ్ళీ నొక్కాడు. ఆమె ఊదడం ఆపింది. పాట ఆగలేదు.

హేమశ్రీ వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

"ఎవురన్నా అది ఊదేది?"

"ఇంకెవురు? నువ్వే." జోయల్ నవ్వాడు. "లూప్ అంటారు దీన్ని. నువ్వు ఊదిందాన్ని పట్టుకుని తిప్పి తిప్పి ఇస్తాది. ఇప్పుడు దాని మిందనే ఇంకోటి ఊదు."

ఆమె కింది స్థాయిలో అదే సంగతి అందుకుంది. అతను నొక్కాడు. ఇప్పుడు ఇద్దరు హేమశ్రీలు ఊదుతున్నారు. మూడోసారి తారస్థాయిలో పలికింది. ముగ్గురయ్యారు. ఖాళీ కుర్చీల ముందు, సగం కట్టిన తెర కింద, ముగ్గురు హేమశ్రీలు ఒకే ఊపిరిగా మోహన వాయిస్తుంటే ఆమెకు ఒళ్ళు జలదరించింది. పెద్దనాయనకు ఎప్పుడూ పక్కన జోడీగా తమ్ముడు ఉండేవాడు. తనకు ఇంతవరకు జోడీ అంటూ లేదు. బుగ్గల్లో ఊపిరి అలాగే ఉండగా కళ్ళు నిండాయి.

"ఒగటి గుర్తుపెట్టుకో," అన్నాడు జోయల్. "మనిషైతే నువ్వు తడబడితే సర్దుకుంటాడు. ఇది సర్దుకోదు. తప్పు ఊదితే ఆ తప్పునే మళ్ళా మళ్ళా సెప్తాది."

ఆ మాటకు ఆమె నవ్వింది. ఆ పెట్టెను కొన్నాళ్ళు అరువిమ్మని అడిగింది. జోయల్ ఇచ్చాడు. తన దగ్గర పాతది ఇంకొకటి ఉందన్నాడు.

ఆ తర్వాత హేమశ్రీకి వేరే ధ్యాస లేదు. తరగతి అయిపోగానే పెట్టె ముందు కూర్చునేది. మొదట్లో కాలు ఒకచోట నొక్కితే పాట ఇంకోచోట తెగేది. ఊపిరి అయిపోయే క్షణానికీ కాలు నొక్కే క్షణానికీ పొత్తు కుదిరేది కాదు. పోనుపోను కుదిరింది. శ్రుతి ఒక పొర, కింది స్థాయి ఒక పొర, పైన తను. తాళానికి మాత్రం ఏమీ దొరకలేదు. ఫోన్లో దొరికే డప్పుల శబ్దాలు పెట్టి చూస్తే పెళ్ళిపందిట్లో ప్లాస్టిక్ మామిడాకులు కట్టినట్టుంది.

"నాయన డోలునే రికార్డు సేసుకుంటే?" అనిపించింది ఆమెకు.

జోయల్ తన బండి మీద మైకు వేసుకుని పూతలపట్టు వచ్చాడు. శబ్దం గోడలకు కొట్టుకోకుండా గది చుట్టూ దుప్పట్లు కట్టించాడు. మునిరామయ్య తలస్నానం చేసి, బొట్టు పెట్టుకుని, పెళ్ళికి వేసుకునే చొక్కా వేసుకుని వచ్చి కూర్చున్నాడు. కుడిచేతి వేళ్ళకు తొడుగులు తొడుక్కున్నాడు. ఎడమచేత్తో కర్ర అందుకున్నాడు.

"ఏం వాయించల్ల పాపా?"

"అన్నీ నాయనా. ఎదురుకోలు నడక, జీలకర్రబెల్లానికి వాయించేది, గట్టిమేళం, అన్నీ."

"ఇదంతా నీకెందుకు?"

"నువ్వు తిరపతికి వచ్చి నా పక్కన కూసోలేవు గదా. నీ డోలు నా కాడ ఉంటే దాంతో సాధకం సేసుకుంటా."

మునిరామయ్య మొహం విప్పారింది. "అట్లయితే బాగా వాయిస్తా ఉండు" అన్నాడు. ఆ రోజు ఆయన వాయించిన తీరు పెళ్ళిళ్ళలో కూడా ఎవరూ విని ఉండరు. తాళి కట్టే వేళ మోగే గట్టిమేళం వాయిస్తుంటే గూట్లో గిన్నెలు అదిరాయి. హేమశ్రీ తల్లి తిరుమలమ్మ చేతిలో పని వదిలేసి గుమ్మంలో నిలబడి వింది.

గంగులప్ప మాత్రం లోపలికి రాలేదు. అరుగు మీదే కూర్చున్నాడు. ఆ ఇంట్లో ఒకప్పుడు ఒత్తు ఊదే మనిషి ఉండేవాడు. నాదస్వరం వెనక గుక్క తిప్పకుండా ఒకే స్వరం పట్టి శ్రుతి ఇవ్వడం అతని పని. శ్రుతిపెట్టె వచ్చాక అతను లేని మేళం వింతగా అనిపించడం మానేసింది. చివరికి అతను కాణిపాకం దారిలో కొబ్బరికాయలు అమ్ముకుంటూనే కన్నుమూశాడు. గంగులప్ప ఆ రోజు అతన్ని తలుచుకున్నాడో లేదో. జోయల్ బండి కదిలాక, "అయిపోయిందా?" అని మాత్రం అడిగాడు.

మరుసటి ఏడు వార్షికోత్సవంలో హేమశ్రీ ఒక్కతే వేదిక ఎక్కి, కాలికింద పెట్టెతో, నాయన డోలుతో, తనకు తానే జోడీగా వాయించింది. హాలు చప్పట్లతో మారుమోగింది. ఎవరో తీసిన వీడియో ఫోన్ల మీద ఫోన్లు దాటింది. చిత్తూరు నుంచి భానుచందర్ అనే ఆయన ఫోన్ చేశాడు. పెళ్ళిళ్ళకు అలంకరణ, సౌండు, ఫోటోలు అన్నీ తనే మాట్లాడి పెట్టే మనిషి. రిసెప్షన్‌లో వాయించమన్నాడు. వాయించింది. పట్టుచీర కట్టుకున్న ఆడపిల్ల నాదస్వరం పట్టుకుని కాలితో పెట్టె నొక్కుతుంటే జనం భోజనాలు వదిలి వచ్చి ఫోన్లు ఎత్తారు. దానికి ముందురోజు భానుచందర్ దగ్గర సౌండ్ చూసే అతను, "లెవెల్స్ సరిచూసుకోవాలమ్మా, నీ ట్రాకులన్నీ పంపు" అంటే, అడిగినవీ అడగనివీ అన్నీ పంపేసింది. పంపకూడదని ఆమెకు తోచనే లేదు.

కొన్ని వారాలకు భానుచందర్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఈసారి రిసెప్షన్ కాదు, ముహూర్తానికే రమ్మన్నాడు.

"సరే సార్. మా పెద్దనాయన, నాయన, అందరం వస్తాం."

"వాళ్ళెందుకమ్మా? అంతా నీ పెట్టెలోనే ఉండాది గదా. స్టేజీ మింద నువ్వొగదానివుంటే సూసేదానికి బాగుంటాది."

హేమశ్రీ ఒప్పుకోలేదు. కుదరదని చెప్పి పెట్టేసింది. చెప్పేశాను కదా, అయిపోయిందనుకుంది.

ఆ ఏడు వేసవిలో పూతలపట్టు ఇంటికి ఫోన్లు తగ్గాయి. ఎప్పుడూ పిలిచే ఇళ్ళవాళ్ళే, "ఈతూరి సిన్నగా సేస్తా ఉండాం అప్పా, మనోళ్ళు మాత్రమే" అని తప్పుకున్నారు. తర్వాత ఎక్కడో దారిలో ఆ పెళ్ళి ఊరేగింపే ఎదురయ్యేది, పెద్ద పెద్ద పూల కార్లతో. మునిరామయ్య డోలు వార్లు బిగించి, మళ్ళీ వదులు చేసి పెట్టేవాడు.

సెలవులకు ఇంటికి వచ్చిన హేమశ్రీ ఒక పెళ్ళికి వాళ్ళతో కలిసి వెళ్ళింది. చిత్తూరు దగ్గర పెద్ద మండపం. పెళ్ళికొడుకు దిగినప్పుడు ఎదురుకోలు వరకే మాట్లాడుకున్నారు. గేటు దగ్గర అరటిచెట్ల మధ్య నిలబడి వాయించారు. పెళ్ళికొడుకు లోపలికి వెళ్ళగానే నల్ల చొక్కా మనిషి ఒకడు వచ్చి, "ఇంక సాలప్పా. లోపల సౌండ్ ఉండాది" అన్నాడు. ముగ్గురూ గేటు పక్కన నీడలో ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు.

కాసేపటికి లోపలి నుంచి మేళం మొదలైంది. మునిరామయ్య తల ఎత్తి చెవి ఒగ్గాడు.

"ఎవురబ్బా డోలు?" అన్నాడు మెచ్చుకోలుగా. "సెయ్యి బాగుండాది. పుత్తూరోళ్ళా?"

గంగులప్ప తమ్ముడి వైపు చూశాడు.  హేమశ్రీకి మొదటి దరువుకే తెలిసిపోయింది.  దుప్పట్లు కట్టిన గది, గుమ్మంలో నిలబడిన అమ్మ, అన్నీ ఆ శబ్దంలో ఉన్నాయి. ఇంకో నాలుగు ఆవర్తనాలు అయ్యేసరికి మునిరామయ్య మొహంలో మెచ్చుకోలు మెల్లగా తగ్గిపోయింది. తన చేతిని తానే చూసుకున్నాడు.

"పాపా," అన్నాడు, "ఇది నేను గదా."

హేమశ్రీ తల దించుకుంది. 

అప్పుడే లోపల పురోహితుడు మైకులో, "గట్టిమేళం! గట్టిమేళం!" అని కేకేశాడు. ఆ మాట వింటే అన్నదమ్ముల చేతులు ఎవరి మాటా వినవు. నలభై ఏళ్ళ అలవాటు. గంగులప్ప నాదస్వరం నోట పెట్టుకున్నాడు. మునిరామయ్య డోలు అందుకున్నాడు. ఇద్దరూ గేటు దగ్గర కూర్చున్నచోటే గట్టిమేళం ఎత్తుకున్నారు. లోపల స్పీకర్లలో మునిరామయ్య, బయట నీడలో మునిరామయ్య. రెండు డోళ్ళు కలవలేదు. బయటిది అర దరువు వెనకపడింది. లోపలిది ఆగి అందుకోలేదు. జనం తలలు గేటు వైపు తిరిగాయి. నల్ల చొక్కా మనిషి చేతులు ఊపుకుంటూ పరుగెత్తుకొచ్చాడు.

"ఆపండప్పా, ఆపండి! లోపల మేళంతో కొట్టుకుంటా ఉండాది!"

ఆపేశారు. మునిరామయ్య ఎడమచేతి కర్ర గాల్లోనే ఉండిపోయింది. లోపల డోలు మాత్రం జోరుగా మోగుతూనే ఉంది. అక్షతలు పడుతున్నట్టున్నాయి, నవ్వులు వినిపించాయి.

హేమశ్రీ లోపలికి పరుగెత్తి, అక్కడ పెళ్ళి ఏర్పాట్లు చూస్తున్న భానుచందర్‌ను వెతికి పట్టుకుంది.

"సార్, అది మా నాయన డోలు. నా సాధకం కోసరం రికార్డు సేసుకున్నాం. మిమ్మల్ని ఎవురు వాడుకోమన్నారు?"

ఆయనకు కోపం రాలేదు. వచ్చినా బాగుండేది. "నువ్వే గదమ్మా పంపినావు" అన్నాడు మెత్తగా. "అయినా డోలు దెబ్బ మింద పేరు రాసుంటాదా? సరేలే, నీకు కష్టమైతే తీసేపిస్తా."

తీసేయించలేదు. పది రోజులు తిరక్కముందే బంగారుపాళ్యంలో ఇంకో పెళ్ళి వీడియోలో అదే డోలు వినిపించింది. జోయల్ తనంతట తనే చిత్తూరు వెళ్ళి సౌండ్ మనిషితో గొడవపడ్డాడు. తిరిగొచ్చి, సెలవులు అయ్యాక హాస్టల్ గేటు దగ్గర నిలబడి, మెడలో వైరు తీసి చేతుల్లో చుట్టుకుంటూ, హేమశ్రీ మొహం చూడకుండా చెప్పాడు.

"ఆయన ముగ్గురికిచ్చినాడంట. వాళ్ళు ఇంకెవురెవురికి ఇచ్చినారో వాళ్ళకే తెలీదు. ఎవురి ఫోన్లో ఉండాదో యాడని ఎతుకుదాం సెల్లీ? నేను నీకు ఆ పెట్టె సూపించకుండా ఉండాల్సింది."

"నువ్వేం సేసినావన్నా" అంది హేమశ్రీ. అతని మీద ఆమెకు కోపం లేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఆ పెట్టెను బట్టల సంచి అడుగున పెట్టి, కొన్ని నెలలు దాని వైపే చూడలేదు. వట్టి నాదస్వరంతో సాధకం చేసుకుంది. గుక్క తిప్పుకునే చోట మళ్ళీ ఆ ఖాళీ. ఈసారి ఆ ఖాళీలోకి ఎక్కడెక్కడి మండపాల నుంచో నాయన డోలు వచ్చి కూర్చునేది. సాధకం సాగేది కాదు.

గంగులప్ప పక్కనున్న మామిడిగుజ్జు ఫ్యాక్టరీలో కాపలా పనికి చేరాడు. గేటు దగ్గర కుర్చీ, విజిల్. "ఊదే పనే గదా" అన్నాడు నవ్వుతూ. ఇంట్లో ఎవరూ నవ్వలేదు.

చదువు చివరి ఏడాదిలో, హేమశ్రీ ఇంటికి వచ్చి ఉండగా, భానుచందర్ మళ్ళీ ఫోన్ చేశాడు. ఎంతమంది ఆడపిల్లల్ని చూసినా ఆమెలాగా ఊదేవాళ్ళు దొరకలేదట. ఫోన్ స్పీకర్లో ఉంది. మునిరామయ్య అంతా విన్నాడు.

"పో పాపా," అన్నాడు. "నువ్వు పోకపోతే నా డోలు పక్కన ఇంకెవురో ఊదుతారు. ఎవురో ఊదేదానికంటే నువ్వు ఊదితే మేలు గదా."

హేమశ్రీ రెండు రోజులు ఆలోచించి ఒక షరతు పెట్టింది. తను వచ్చిన ప్రతి పెళ్ళికీ నాయన, పెద్దనాయన వేదిక మీద తన పక్కన కూర్చోవాలి. భానుచందర్ వెంటనే ఒప్పుకున్నాడు. అంత సులువుగా ఎందుకు ఒప్పుకున్నాడో మొదటి పెళ్ళిలో గాని ఆమెకు అర్థం కాలేదు.

ఇద్దరికీ ఒకే రంగు పట్టు చొక్కాలు కుట్టించాడు. వేదిక మీద పూలమధ్య కూర్చోబెట్టాడు. వాళ్ళ ముందు మైకులు పెట్టించాడు. సౌండ్ మనిషి వచ్చి వంగి, మర్యాదగానే చెప్పాడు.

"మీ మైకులు ఆఫ్‌లో ఉంటాయప్పా. శబ్దం గట్టిగా వస్తే లూప్‌తో తగాదా వస్తాది. ఊరికే సేతులు ఆడించండి, సాలు. ఫోటోలకి బాగుంటాది."

గంగులప్ప అతన్ని కాసేపు చూశాడు. హేమశ్రీ కాలు పెట్టె మీద పెట్టబోతుండగా లేచి నాదస్వరాన్ని గుడ్డసంచిలో పెట్టుకున్నాడు. పట్టు చొక్కా విప్పి మడిచి కుర్చీ మీద ఉంచి, బనీను మీద తువ్వాలు కప్పుకుని, మెట్లు దిగి బస్టాండు వైపు వెళ్ళిపోయాడు. ఆ ఖాళీ కుర్చీని ఎవరో తీసేసి అక్కడ పూలకుండీ పెట్టారు.

హేమశ్రీ కూడా లేవబోయింది. మునిరామయ్య ఆమె మోచేయి పట్టుకున్నాడు.

"కూసో. ముహూర్తం టయానికి లేస్తే ఆ పిల్లకు అపశకునం. ఆ పిల్ల ఏం సేసింది?"

ఆమె కూర్చుంది. కాలితో నొక్కింది. స్పీకర్లలో డోలు లేచింది. మునిరామయ్య పక్కన కూర్చుని, తొడుగులు తొడుక్కున్న వేళ్ళను డోలుకు తగలకుండా ఒక మునివేలు ఎడంలో ఆడించడం మొదలుపెట్టాడు. మొదట్లో తడబడ్డాడు. తన దెబ్బను తానే ముందుగా పోల్చుకోలేక వెనకపడ్డాడు. తర్వాత కుదిరింది. గట్టిమేళం అన్నప్పుడు ఆయన మెడనరాలు కూడా లేచాయి. దగ్గరున్న హేమశ్రీకి ఆ డోలు నుంచి చిన్న శబ్దం కూడా వినిపించలేదు. ఆమె ఊదుతూనే ఉంది. ఆపే వీలు లేదు. లూప్ నడుస్తోంది, తాళి కడుతున్నారు.

ఇప్పుడు అట్లాగే నడుస్తోంది. చిత్తూరు, పుత్తూరు, పలమనేరు, ఎక్కడ పిలిస్తే అక్కడికి తండ్రీకూతుళ్ళు బస్సులో వెళ్తారు. ఆయన డోలు మోస్తాడు, ఆమె పెట్టె మోస్తుంది. కొత్త రాగాలతో కొత్త పొరలు కడుతుంది. జనం మెచ్చుకుంటారు. ఆమెకు కూడా అప్పుడప్పుడు, ఊదుతున్నంతసేపూ, ఆ మొదటి రోజు ఖాళీ కుర్చీల ముందు కలిగిన జలదరింపు కలుగుతుంది. అది కలిగినందుకు తర్వాత సిగ్గేస్తుంది. ఒకటి రెండుసార్లు మైకు ఆన్ చేయమని సౌండ్ వాళ్ళను బతిమాలింది. ఒకసారి చేశారు. నాయన చేతి వేగం ఇప్పుడు ఆ రికార్డులో ఉన్నంత లేదు. రెండూ కలవలేదు. మునిరామయ్యే సైగ చేసి మైకు తీయించేశాడు.

మొన్న పలమనేరులో ముహూర్తం అయ్యాక ముసలావిడ ఒకామె తాంబూలం పళ్ళెం పట్టుకుని వేదిక దగ్గరికి వచ్చింది. హేమశ్రీని దాటి వెళ్ళి మునిరామయ్య ముందు నిలబడింది.

"ఏం వాయించినావప్పా! ఇట్లాంటి డోలు నా పెండ్లినాడు విన్నాను. నీ సేతులు సల్లగుండ."

మునిరామయ్య తొడుగులు తీసి, రెండు చేతులూ జోడించి తాంబూలం అందుకున్నాడు. "అమ్మవారి దయమ్మా" అన్నాడు. ఆవిడ వెళ్ళేదాకా ఆయన తల ఎత్తలేదు.

హేమశ్రీ వంగి వైర్లు చుట్టుకుంటూ ఉండిపోయింది.